నాలుగో ఊరి పేరు

తొమ్మిదేళ్ళుగా ఒక టిక్కు మార్కుని మోస్తున్నాను. నవ్వకండి. పెన్నుతో గీసిన చిన్న గీత అది. దాని గురించి మా ఆయనకి చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. నాకు నేనే సరిగా చెప్పుకోలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, కాబట్టి మీ దగ్గర నోరు విప్పడం కాస్త తేలిక. పేర్లు మాత్రం అడక్కండి. చింతపల్లి దాటి, జీపు దిగి, కాఫీ తోటల్లోంచి రెండు గంటలు నడిస్తే వచ్చే కొండలు అని చెబుతాను. అంతకు మించి చెప్పను.

అప్పుడు నేనొక చిన్న సంస్థలో ప్రాజెక్టులు ప్లాన్ చేసేదాన్ని. ఇప్పుడు అదే పనిని కొత్తవాళ్ళకి నేర్పుతున్నాను. పని మొదలెట్టే ముందు ఏం చేస్తామో, ఏం చెయ్యమో కాగితం మీద గీత గీసి పెట్టుకోవాలి. దాన్ని స్కోప్ అంటాం. గీత లోపల ఉన్నది చేసి తీరాలి. బయట ఉన్నదాని జోలికి పోకూడదు. బయట ఉండిపోయినవాళ్ళకి ఆ సంగతి మొదటిరోజే, ఎదురుగా నిలబడి చెప్పాలి. క్లాసులో ఈ ఆఖరి మాట చెప్పేటప్పుడు నేను కిటికీ వైపు చూస్తాను. అది నా పద్ధతి అనుకుంటారు పిల్లలు.

ప్రాజెక్టు చెప్పుకోవడానికి చిన్నదే. కొండ మీద ఏడాది పొడుగునా ఎండని ఊట ఉంది. అక్కడ ట్యాంకు కట్టి, మోటారు అవసరం లేకుండా, వాలు మీదే పైపుల్లో నీళ్ళు ఊళ్ళకి దింపాలి. నాలుగు ఊళ్ళు అడిగాయి. మూడు ఊళ్ళు ఊటకి దిగువన ఒకే వరసలో ఉన్నాయి. నాలుగోది కొండ మలుపు తిరిగాక, కింద వాగు పారే లోతైన మడతకి అవతలి గట్టు మీద పాతిక గడపల ఊరు. అక్కడి ఆడవాళ్ళు వాగులోకి దిగి, బిందె నెత్తిన పెట్టుకుని, మళ్ళీ ఆ గట్టు ఎక్కాలి. నీళ్ళు అందరికన్నా వాళ్ళకే ఎక్కువ అవసరం.

మూడు ఊళ్ళూ తిరిగాను. ఎత్తు చూపించే పరికరం నా సంచిలో ఉంది. దాన్ని ఊళ్ళోకి తీసుకెళ్ళి నిలబడితే ఆ చోటు ఎంత ఎత్తులో ఉందో చెబుతుంది. నాలుగో ఊరికి వెళ్ళాల్సిన రోజు పది దాటినా మంచు విడలేదు. బూటు కరిచి మడమ పుండైంది. మూడింటికి ఆఖరి జీపు. ఊట పక్కన రాతి మీద కూర్చుని అవతలి గట్టుకేసి చూశాను. మంచు చీలికలోంచి ఇళ్ళ పొగ కనిపించింది. నాకన్నా పైనే ఉన్నట్టు అనిపించింది. కొండల్లో కన్ను మోసం చేస్తుంది, ఎదుటి గట్టు ఎప్పుడూ ఎత్తుగానే కనబడుతుంది. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. చదువుకున్నాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా “ఊరు చూశారా” అన్న గడిలో టిక్కు పెట్టాను. పక్క గడిలో “ఊట కన్నా ఎత్తున ఉంది, నీరు ఎక్కదు” అని రాశాను. నమ్మకంగా ఉండడానికి ఎత్తు అంకె కూడా ఒకటి కల్పించి వేశాను. ఆ రోజు ఆ ఊళ్ళో నా కోసం కోడిని కోసి వండి, పొద్దు వాలేదాకా దారి చూశారని తర్వాత తెలిసింది.

పైపులు నాలుగు ఊళ్ళకి చాలవేమోనని ఆఫీసులో అప్పటికే గుబులుగా ఉంది. నా కాగితం చూసి మా పెద్దసారు ఊపిరి పీల్చుకున్నారు. మూడు ఊళ్ళే ఖాయం, వానల్లోగా అయిపోవాలి అన్నారు. స్కోప్ భలే బిగించావని అందరి ముందూ మెచ్చుకున్నారు. నాకు తలకెక్కింది. ఆ వారమంతా నేల మీద నడవలేదు.

ఇక వెళ్ళి నాలుగో ఊరికి చెప్పాలి. రేపు వెళ్దాం అనుకున్నాను. రేపు, ఆ తర్వాత ఎల్లుండి. ఎందుకు వెళ్ళలేదు? సిగ్గు అని చాలా ఏళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. సిగ్గు కాదు. పైపు పాతడానికి కందకం ఊళ్ళవాళ్ళే శ్రమదానంగా తవ్వాలి, ఇంటికొక మనిషి. నాలుగో ఊరివాళ్ళు రాకపోతే చేతులు చాలవు, గడువు తప్పుతుంది. వాళ్ళ ఊరు నాకు అక్కర్లేదు గానీ వాళ్ళ గునపాలు కావాలి. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఆ కొండల్లో అడక్కుండా నీళ్ళని కదిలించరు. తవ్వే ముందు ఊట దగ్గర మొక్కు చెప్పాలి. మంచిరోజు చూసేదీ, జనం తరఫున కొండతల్లితో మాట్లాడేదీ దిశారి. నాలుగు ఊళ్ళకీ కలిపి ఒకే దిశారి, ఆయనది నాలుగో ఊరు. బక్కపలచటి ముసలాయన, మోకాళ్ళ పైకి కట్టిన పంచె, భుజాన తువ్వాలు. అడ్డాకు పరిచి సామ బియ్యం నాలుగు చిన్న కుప్పలు పోశాడు, ఊరికొకటి. నీళ్ళు ఎవరెవరికి కావాలో తల్లికి పేరు పేరునా చెప్పాలట. పేరు పలికిన ఊరికి నీళ్ళు చేరకపోతే తప్పు తల్లిది కాదు, పలికినవాడిది. నా పక్కన నిలబడినామె ఈ సంగతి నా చెవిలో చెప్పింది. మూడు పేర్లు పలికాడాయన. నాలుగో కుప్ప దగ్గర, తన సొంత ఊరి దగ్గర, ఆగి నా వైపు తిరిగాడు.

“అమ్మా, మా ఊరు నీ కాయితంలో ఉన్నట్టేనా?”

తల ఊపానో లేదో నాకే తెలియలేదు.

“ఏటలా సూత్తన్నావు? తల్లికాడ ఉత్త మాట ఆడకూడదు. పేరు సెప్పీమంటావా?”

“చెప్పండి,” అన్నాను.

ఆయన చెప్పాడు. ఆ పలికిన తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. గొంతు పెంచలేదు, మంత్రంలా లాగలేదు. కన్నబిడ్డని ఎవరికో అప్పజెబుతున్నట్టు మెల్లిగా, పేరులోని ఒక్కో అక్షరం విడిగా పలికాడు. వందమందిలో ఒక్కరూ కదల్లేదు. ఊట చప్పుడు తప్ప ఇంకేం లేదు, చుట్టూ ఒకదాని వెనక ఒకటి నీలంగా కొండలు. నాకు దేవుడి మీద పెద్ద గురి లేదు. అయినా ఒళ్ళు జలదరించింది. అక్కడ నిజంగా ఎవరో వింటున్నారు. వింటున్నవాళ్ళకి నా సంచిలోని కాగితం సంగతి తెలుసు. అలాగే అనిపించింది, ఇప్పుడు అబద్ధం చెప్పి ఏం లాభం? చేతులు జోడించి నిలబడ్డాను. ఏం దండమండీ అది!

నాలుగో ఊరి వాళ్ళే అందరికన్నా ముందు వచ్చేవారు. చద్ది చోడి అంబలి తాగి, మంచులో దిగి, రాయి తగిలితే రాయి చుట్టూ తవ్వుకుంటూ మూడు ఊళ్ళ కందకం పూర్తిచేశారు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే ట్యాంకు దగ్గర్నుంచి తమ ఊరి వైపు తవ్వడం మొదలుపెట్టారు. కొండ నడుము చుట్టూ, మడత తలమీదుగా, అవతలి గట్టు దాకా. నేను చూస్తూనే ఉన్నాను. ఆపడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట నేను అనలేదు.

పైపులు మూడో ఊరితో ఆగిపోయాయి. రిబ్బను కత్తిరించారు, ఫోటోలు తీశారు. దిశారి వచ్చి మా ఊరికెప్పుడమ్మా అని అడిగితే రెండో విడతలో అన్నాను. రెండో విడత అనేదే లేదు. అది కూడా ఆ క్షణంలో కల్పించిందే. నాలుగు నెలలకి వేరే ఉద్యోగం వచ్చింది. చేతులు దులుపుకుని వచ్చేశాను.

ఆ ప్రాజెక్టు నివేదిక ఇప్పుడు మా శిక్షణలో నమూనా పాఠం. స్కోప్ పెరగకుండా ఎలా కాపాడుకోవాలో అందులో చూసి నేర్చుకోమంటాం. టిక్కు అందులో ఇంకా భద్రంగా ఉంది. ఈ రాత అయ్యాక, ఆ టిక్కు అబద్ధమని మా ఆఫీసుకి ఉత్తరం రాయాలి. రాస్తాననే అనుకుంటున్నాను, నా మాట మీద నాకే అంత నమ్మకం లేదు. పోయిన చలికాలం పిల్లలు ఆ చోటు చూపించమని పట్టుబట్టారు. తప్పించుకోవడానికి ఎన్ని సాకులు చెప్పానో! చివరికి తీసుకెళ్ళక తప్పలేదు.

ట్యాంకు చూపించాను, మూడు ఊళ్ళ కుళాయిలు చూపించాను. పిల్లలు నోట్సు రాసుకుంటున్నారు. అప్పుడు నా చెవికి నీళ్ళ చప్పుడు వినబడింది, పైపు లేని వైపు నుంచి. వెళ్ళి చూద్దును కదా, ఆ ఉత్తి కందకంలో నీళ్ళు పారుతున్నాయి. జానెడు వెడల్పు, బెత్తెడు లోతు. ట్యాంకు నిండి పొర్లిన నీరు కొండ నడుము పట్టుకుని, తొందరా లేకుండా ఆగడమూ లేకుండా, నాలుగో ఊరి వైపు వెళుతోంది.

దానితో పాటు నడిచాను. పిల్లల్ని కూడా మరిచిపోయాను. అడుగున పలకరాళ్ళు పరిచారు, సందుల్లో బంకమట్టి దట్టించారు. పెద్ద బండ అడ్డొచ్చిన చోట చుట్టు తిరిగి, మళ్ళీ అదే వాలు అందుకుంది. మడత దగ్గర కిందికి చూస్తే కళ్ళు తిరిగే లోతు. అక్కడ జీలుగు మానుని దోనెలా తొలిచి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వేశారు. నీళ్ళు గాలిలో దాటుతున్నాయి. ఎక్కడా ఎక్కువ వాలు లేదు, ఎక్కడా తక్కువ లేదు. నాకు డిగ్రీ ఉంది, పరికరం ఉంది, కంప్యూటరుంది. అంత దూరం అంత సన్నటి వాలు తప్పకుండా గీయమంటే నేను గీయలేను. మోకాళ్ళ మీద కూర్చుని అందులో చెయ్యి పెట్టాను. ఎంత చల్లగా ఉందో! ఏడ్చాను కూడా. ఎందుకని మీరడిగితే, ముందు ఆనందానికి, ఆ తర్వాత భయానికి.

ఊళ్ళో బుద్రి అనే ఆవిడ ఎదురొచ్చింది. కాలువ పనంతా ఆవిడే ముందుండి నడిపించిందట. నన్ను గుర్తుపట్టలేదు, ఎలా పడుతుంది, నేనసలు ఆ ఊళ్ళో అడుగు పెడితే కదా! అదే మొదటిసారి. ఆ కాలువ ఎలా వచ్చిందని అడిగాను.

“పైపొచ్చీత్తాదని ఏటేటా గాడి బాగుసేసుకుంటూ కూకున్నాం,” అని నవ్వింది. “ఓపాలి పెద్దవాన కురిసింది. ఆ గాడిలో పడ్డ నీరు మా ఊరికాసి ఒచ్చీసింది. నీరు పైకెక్కదు గదా మేడం? మా ఊరు దిగువే అన్నమాట. అయితే పైపెందుకు, బేగి పని మొదలెట్టీండి అన్నాను.”

మా ఊరు దిగువే. ఒక్క వాన చెప్పేసింది. నేను ఆ రోజు ఇంకో గంట నడిచి ఉంటే తెలిసేది. దిశారి ఎలా ఉన్నారని అడిగాను. బుద్రి నవ్వు తగ్గింది.

“ఆ ముసిలాయన మొక్కులో ఏదో తప్పు పలికేడట. అందుకే తల్లి మా ఊరిని ఒదిలీసింది. మేమనలేదు, ఆయనే అన్నాడు. దిశారితనం మానీసి కూతురి ఊరెళ్ళిపోయేడు. నీళ్ళొచ్చినా ఈ పక్కకి రాలేదు.”

ఇన్నేళ్ళూ నేను మోసిన బరువు నా తప్పు బరువనుకున్నాను. దాన్ని మోసింది ఆయన. నేను ఉద్యోగాలు మారాను, పాఠాలు చెప్పాను, కడుపునిండా తిన్నాను. ఆయన మాత్రం ఆ పేరుని మళ్ళీ మళ్ళీ మనసులో పలుక్కుంటూ, ఏ అక్షరం దగ్గర తప్పిందో వెతుక్కుంటూ కూర్చున్నాడు. తన మాట మీద తనకి అంత భయభక్తులున్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. నేను సంతకం పెట్టిన కాగితాలు ఎన్ని! ఒక్కదాని గురించి అలా ఆలోచించానా? అయినా ఆ రోజు బుద్రితో నోరు విప్పలేదు. పిల్లలున్నారు కదా అని సర్దుకున్నాను. చూశారా, అప్పుడు కూడా.

వారం తర్వాత ఒంటరిగా వెళ్ళాను, కూతురి ఊరికి. ఎండలో కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతున్నాడు. ఇంకా సన్నబడ్డాడు. దారంతా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. నిలబడే చెప్పాను. మీ ఊరిని నేను కాగితంలో రాయలేదు, మొక్కు నాటికే తీసేశాను, చూడకుండానే చూశానని రాశాను, మీ చేత తవ్వించుకోవాలని దాచాను. చెప్పి ఆగాను. ఆయన పసుపు కొమ్ము ఒకటి చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

“అయితే నాను పలికింది సరిగ్గానే పలికేనా?”

“సరిగ్గానే పలికారు. తప్పంతా నాది.”

రెండో మాట ఆయన విన్నట్టు లేదు. లేచి కూతుర్ని కేకేశాడు. వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. నాకా భాష రాదు, మధ్యలో నాలుగో ఊరి పేరు మాత్రం వినబడింది. పక్కింటివాళ్ళకి చెప్పాడు, అందులోనూ అదే పేరు వినబడింది. కూతురు నా వైపు ఒక్క చూపు చూసింది, ఆ చూపు గురించి ఏమీ రాయలేను. నన్ను కూర్చోమనలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. ఆయన నన్ను తిట్టలేదు, క్షమించలేదు. నేనక్కడ ఉన్నానన్న సంగతే మరిచిపోయాడు. నా గుండె తేలికైంది. అలా తేలికైనందుకు సిగ్గేసింది. రెండూ నిజమే.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. చేతికర్ర అందుకుని, కాఫీ తోటల మధ్య తన ఊరికి వెళ్ళే దారి పట్టాడు. ఆ వయసులో అంత వేగం ఎక్కడ దాచుకున్నాడో! తిని ఎల్లు అయ్యా అని కూతురు గుమ్మంలోంచి అరిచింది. ఆయన వెనక్కి తిరగలేదు.