కుట్టు గ్రూపు బంద్

ఆ రోజుల్లో (మరీ రాజుల కాలం కాదులెండి, ఫోన్లూ యాప్‌లూ ఉన్న కాలమే, కాకపోతే నా జుట్టు ఇంకా నా తలమీదే ఉన్న కాలం) లోకంలో ఏ మూల అన్యాయం జరిగినా తిరువూరు నుంచి నేనొక్కణ్ణే జవాబు చెప్పాలన్నట్టు ఉండేవాణ్ణి. వయసు ఇరవై రెండు. ఉద్యోగం మా నాన్న లేడీస్ టైలర్ షాపులో కత్తిరింపు. అసలు ఉద్యోగం మాత్రం ఫోన్లో. ఒక పెద్ద కంపెనీవాళ్ళ యాప్ ఉండేది. అందులో ఎవరికి నచ్చిన సంగతి మీద వాళ్ళు గ్రూపు పెట్టుకోవచ్చు. మాది 'కుట్టు కబుర్లు'. చంక దగ్గర ముడత ఎందుకొస్తోంది, మెడ జారిపోకుండా ఏం చెయ్యాలి, ఇలాంటివన్నీ ఫొటోలు పెట్టి అడిగేవాళ్ళు. అంతా ఆడవాళ్ళే. మొదలుపెట్టింది హైదరాబాద్‌లో ఉండే ఒక అక్క. ప్రిన్సెస్ కట్ జాకెట్టు గురించి నేను ఓపిగ్గా ఒక పెద్ద సమాధానం రాసేసరికి ఆవిడ మురిసిపోయి నన్నూ అడ్మిన్ని చేసేసింది. ఆ రోజు నుంచి మా నాన్న "ఒరేయ్, ఆ బటన్ల డబ్బా ఇటివ్వు" అంటే నాకు చిన్నతనంగా ఉండేది.

మా గ్రూపుకి ప్రాణం వినగడపత్త (వినగడప ఆవిడ ఊరు). పగలు పత్తి చేలో కూలికెళ్ళి, వచ్చాక ఊళ్ళోవాళ్ళకి జాకెట్లు కుట్టే మనిషి. అక్షరం ముక్క రాదు. ఎవరో కాలేజీ కుర్రాడు ఉత్తపుణ్యానికి తయారుచేసిన ఒక చిన్న యాప్ ఆవిడ ఫోన్లో ఉండేది. అది గ్రూపులో రాసినవన్నీ పైకి చదివి వినిపించేది, ఆవిడ నోటితో చెప్పింది రాసి పెట్టేది. అందుకే ఆవిడ సమాధానాల్లో ఫుల్‌స్టాపులుండవు, మొహమాటం అసలుండదు. "ఇది జాకెట్టా గోనెసంచా తల్లీ భుజం రెండు వేళ్ళు తగ్గించు మళ్ళీ కుట్టు" అని వచ్చిందంటే అది ఆవిడే. అంత మనిషి మా ఊరికి గంట ప్రయాణంలో ఉందని తెలిసి కూడా నేనెప్పుడూ చూడలేదు. ఎలా ఉంటుందో, ఏ మిషన్ మీద కుడుతుందో అని కత్తెర పట్టుకుని ఆలోచిస్తూ ఉండేవాణ్ణి, అంతే.

ఇలా ఉండగా కంపెనీవాళ్ళు కొత్త రూలు పెట్టారు. బయటి యాప్‌లు ఏవైనా తమ పోస్టులు వాడుకోవాలంటే ఇకమీదట డబ్బు కట్టాలట. కాలేజీ కుర్రాడు "నావల్ల కాదు, ఈ నెలాఖరుకి మూసేస్తున్నా" అని రాశాడు. అంటే నెలాఖరు తర్వాత వినగడపత్తకి గ్రూపు ఉండదు. నాకు ఒళ్ళు మండింది. అప్పటికే దేశదేశాల గ్రూపులవాళ్ళు రెండు రోజులు తలుపులు మూసి నిరసన చెయ్యాలని తీర్మానించారు. మనమూ చేద్దాం అన్నాను. హైదరాబాద్ అక్క సై అంది. గ్రూపులో గందరగోళం ఎందుకని, నంబర్లున్నవాళ్ళకి విడిగా మెసేజీలు పంపి ఓటింగ్ పెట్టాం. ఒకావిడ "బంద్ అంటే మిషన్లు కూడా ఆపాలా?" అని అడిగింది. ఇంకొకావిడ "శుక్రవారం మా ఆడపడుచు నిశ్చితార్థం, వచ్చేవారానికి మార్చండి" అంది. ఇన్ని అభ్యంతరాల మధ్య తీర్మానం నెగ్గింది.

మా నాన్నకి చెప్పాను. ఆయన నోట్లోంచి సూది తీసి, "బంద్ అంటే షట్టరు దించాలి. మీ షట్టరెక్కడరా?" అన్నాడు.

"ఫోన్లోనే ఉంటుంది నాన్నా. మేం మూసేస్తే కంపెనీ దిగొస్తుంది."

"మీరు మూసినట్టు వాళ్ళకి ఎవరు చెబుతారు?"

నిజమే, ఎవరు చెబుతారు? ఆ ప్రశ్న నన్ను కాసేపు వేధించింది. కంపెనీలో ఎవరైనా ఒక మనిషి కూర్చుని 'అయ్యో, కుట్టు కబుర్లు కనపడటం లేదే' అని కంగారుపడతాడా? పడతాడనే నమ్మాను. ఆ మనిషికి అదిరిపోయేలా ఒక పోస్టరు చెయ్యాలని ఒక పూటంతా షాపు పని మానేసి కూర్చున్నాను. ఎర్ర రంగు, బిగించిన పిడికిలి, పిడికిలికి చుట్టిన కొలతల టేపు, కింద 'మా అత్త గొంతు నొక్కొద్దు! రెండు రోజుల బంద్!' అని పెద్ద అక్షరాలు. అది గ్రూపులో పెట్టగానే లైకులే లైకులు. "తమ్ముడూ, నువ్వు టైలరువి కాదు, నాయకుడివి" అని హైదరాబాద్ అక్క నాకు విడిగా మెసేజ్ పెట్టింది. బుధవారం పొద్దున్నే గ్రూపుకి తాళం వేశాం. ఇక అడ్మిన్లం ఇద్దరం తప్ప ఎవరూ లోపలికి రాలేరు. ఛాతీ రెండంగుళాలు పెరిగినట్టుంది నాకు.

ఆ ఛాతీ గురువారం మధ్యాహ్నానికి యథాస్థానానికి వచ్చింది. పెనుగొలను నుంచి వచ్చిన పెళ్ళికూతురి జాకెట్టు, జరీ పువ్వుల పట్టుగుడ్డ, మర్నాడు ఇవ్వాలి. నాన్న లైనింగు గుడ్డలకి విజయవాడ వెళ్ళాడు. నేను పోరాటం గురించి ఆలోచిస్తూ కత్తిరిస్తూ రెండు చేతులూ కుడిచేతులే కత్తిరించాను! (చేతికి ముందువైపు కాస్త లోతుగా తీస్తాం. రెండూ ఒకేలా తీస్తే ఒకటి వెనక్కి తిరిగి ఏడుస్తుంది. గుడ్డ తిరగేస్తే జరీ దారాలు బయటపడతాయి.) మిగిలింది పీలికలు. గబగబా ఫోను తీసి గ్రూపులోకి వెళ్ళాను. అడ్మిన్ని కదా, వెళ్ళగలను. ఎవరూ లేరు. నేను తాళం వేసిన ఇంట్లో నేనే చిక్కుకున్నట్టయింది. పాతవి వెతికితే ఎవరో అచ్చం ఇదే తప్పు చేసి అడిగిన పోస్టు దొరికింది. కింద వినగడపత్త సమాధానం: "ఇది నోటితో చెప్పేది కాదమ్మా గుడ్డ చూడాలి." గుడ్డ సంచిలో పెట్టుకుని, షాపు మూసి (మొత్తానికి మా నాన్న చెప్పిన షట్టరు దించాను) గంపలగూడెం మీదుగా షేర్ ఆటోల్లో పడి వెళ్ళాను.

వినగడపలో జాకెట్లు కుట్టే ఆవిడ ఎక్కడ అని అడిగితే, "ఫోనుతో పోట్లాడే ఆవిడేనా? చర్చి పక్క సందులో" అన్నారు. వసారాలో మిషన్ ఉంది, మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. పక్కన సన్నటి మనిషి, కళ్ళజోడు, ఊరికే కూర్చుని ఉంది. కూలికి కూడా వెళ్ళలేదట. "అత్తా, నేను తిరువూరు టైలర్ని" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు మగపిల్లాడివా! ఇన్నాళ్ళూ ఆడపిల్లవనుకున్నానే" అంది. (ఆ యాప్ అందరి రాతలూ ఒకే ఆడగొంతుతో చదివేదట. ప్రిన్సెస్ కట్ మీద నా ఉపన్యాసాలన్నీ ఆ గొంతుతోనే విన్నదన్నమాట.)

నవ్వబోయాను. కానీ ఆవిడ నవ్వలేదు. "నన్ను తీసేసిన సంగతి చెప్పడానికి వచ్చావా బాబూ?" అంది.

"తీసెయ్యడమేంటత్తా?"

"మంగళవారం ఫోను 'బొమ్మ' అంది. అంతే, బొమ్మ అని ఊరుకుంది. నిన్న పొద్దున్నుంచీ ఎన్నిసార్లు నొక్కినా 'లోపలికి రావడానికి మీకు అనుమతి లేదు' అంటోంది. మొన్న ఎవరినో గోనెసంచి అన్నాగా, అందుకే అనుకున్నా. చదువుకున్నోళ్ళు, నన్నెన్నాళ్ళు భరిస్తారులే అనుకున్నా. కావాలంటే ఆ అమ్మాయికి సారీ చెబుతానయ్యా."

అప్పుడు అర్థమైంది నాకు. ఆ యాప్ అక్షరాలు చదువుతుందిగానీ బొమ్మ మీద గీసిన అక్షరాలు చదవలేదు. బంద్ గురించి లోకమంతటికీ చెప్పాను, ఎవరి కోసం బంద్ చేశానో ఆవిడకి తప్ప. సిగ్గుతో తల వంచుకుని, ఫోన్లో పోస్టరు తీసి, అక్షరం అక్షరం పైకి చదివి వినిపించాను.

"మళ్ళీ చదువు" అంది. చదివాను. "అత్తంటే నేనేనా?" అంది. అవునన్నాను. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "సచ్చినోడా, రెండు రోజుల్నుంచి అన్నం సయించలేదురా నాకు! ఏదీ, ఆ గుడ్డ ఇటివ్వు" అంది. పీలికలన్నీ పరిచి, చంక కింద చిన్న ముక్క అతికితే సరిపోతుందని తేల్చింది. "చెయ్యెత్తితే కనబడుతుందేమో అత్తా, తలంబ్రాలప్పుడు ఎత్తుతుందిగా" అన్నాను. "తలంబ్రాలప్పుడు చంక కింద చూసేవాడు పెళ్ళికొడుకు కాదు, టైలరు" అంది. తనే కుట్టి ఇచ్చింది. మా నాన్న కూడా పసిగట్టలేదు, నేనూ చెప్పలేదు.

కంపెనీ దిగిరాలేదు. నెలాఖరుకి ఆ యాప్ ఆగిపోయింది. గ్రూపులో ఆవిడ సంగతంతా చెప్పి, నా తప్పు ఒప్పుకుని, ఇకమీదట ఎవరు ఏం పెట్టినా పక్కన సొంత గొంతుతో రికార్డు చేసి పెట్టాలని రూలు పెట్టాం. మొదట్లో సిగ్గుపడ్డారు. తర్వాత కుక్కరు విజిళ్ళు, పిల్లల ఏడుపులు, అత్తగార్ల కేకలతో సహా పెట్టడం మొదలెట్టారు. వినగడపత్త అవన్నీ వింటుంది, ఇప్పటికీ తిడుతుంది. ఒక్కొక్కరి గొంతూ వేరేగా ఉందని తెగ ముచ్చటపడింది. నాది మాత్రం ముందున్నదే బాగుందట.

ఆ రెండు రోజులూ మేం లేమన్న సంగతి కంపెనీకి తెలిసిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కోసారి షాపులో కూర్చుంటే ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు గుర్తొస్తాడు. కంపెనీని గడగడలాడిద్దామని బయల్దేరి ఒక పెద్దావిడకి రెండు రోజులు తిండి లేకుండా చేసినవాడు. ఎదురుపడితే, గంట ప్రయాణమేగా, ముందు ఆటో ఎక్కి వెళ్ళి ఆవిడకో మాట చెప్పి రారా నాయనా అంటాను. వినడనుకోండి. లోకానికంతటికీ చెప్పే హడావుడిలో ఉంటాడు.