వంటగది గోడకు మూడు బొమ్మలు

భూపాలపల్లిలో చెల్లెలికి ఆపరేషన్ అయితే నెలరోజులు అక్కడే ఉండిపోయాను. జనగామకు తిరిగొచ్చి తాళం తీస్తే, వంటగది గోడ పైనుంచి కిందిదాకా పగిలి ఉంది. పగులులోంచి బయటి వెలుతురు కనిపిస్తోంది. పక్కింటాయన అప్పటికే మా గోడ పక్కనున్న తన ఖాళీ జాగాలో సెల్లార్ తవ్వించి, పిల్లర్లు కూడా లేపేశాడు.

పగులు పాతదేనని, నేనే ఇన్నాళ్లూ చూసుకోలేదని ఆయన వాదన. ఇరవై ఏళ్లుగా ఆ గోడవైపు తిరిగి వంట చేస్తున్నదాన్ని, నాకు తెలియలేదట! వానలు పడేలోపు గోడ కూల్చి మళ్లీ కట్టించమన్నాను. నవ్వి ఊరుకున్నాడు. ఆ సాయంత్రమే మిఠాయి డబ్బా పంపాడు. తప్పు చేయనివాడు మిఠాయి ఎందుకు పంపుతాడు? మూత కూడా తీయకుండా వెనక్కి పంపేశాను.

కేసు వేస్తే, ముందు రాజీకి ప్రయత్నించమని కోర్టు మమ్మల్ని ఒక పెద్ద వకీలు దగ్గరికి పంపింది. ఆయన ముందు ఏం చెప్పాలో మహబూబాబాద్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్లో అప్పజెప్పాను. వాడు ఇళ్ల పనులు చూసే ఇంజనీరు. అంతా విని, "అక్కా, నువ్వు గిట్ల చెప్పుకుంట పోతే ఆయనకు నిద్రొస్తది. బొమ్మ గీసి ముందల పెట్టు. ఒక్క చూపుల తెలవాలె" అన్నాడు.

కాగితం మీద మూడు బొమ్మలు గీసి ఫోన్‌కు పంపాడు. మొదటిదాంట్లో మా ఇల్లు, పక్కన ఖాళీ జాగా. రెండోదాంట్లో జేసీబీ గుంత తవ్వుతోంది. మూడోదాంట్లో పిల్లర్లు లేచాయి, మా గోడ మీద ఎర్రగా పగులు. గుంత తవ్వేటప్పుడు గోడ బాగానే ఉన్నట్టు ఎందుకు గీశావని నిలదీశాను. నువ్వు పగులు చూసింది పిల్లర్లు లేచాకే కాబట్టి అక్కడే పెట్టాను, చూడనిది నేనెట్లా గీస్తానన్నాడు. మాట సబబే. అయినా వీడు కూడా పక్కింటాయనతో మాట్లాడాడేమోనని నాకు లోపల గుచ్చుకుంటూనే ఉంది.

వాటికి రంగులు వేసి, పగులు ఫొటో జోడించి పెద్దగా అచ్చు వేయించాలంటే మాకు దిక్కు ఫ్లెక్సీ దుకాణమే. అచ్చయి వచ్చాక చూస్తే, ఫొటోలో గోడ కొత్తగా సున్నం వేసినట్టు మెరుస్తోంది. పగులు వెంట్రుకంత కూడా లేదు. పక్కింటాయన పుట్టినరోజు ఫ్లెక్సీ వేసింది కూడా ఈ దుకాణం అతనేనని నాకు తెలుసు. ఆయన నీకు ఏం చెప్పి ఇలా చేయించాడని సూటిగానే అడిగాను.

"ఆయన ఎందుకు చెప్తడు మేడం? లీడర్ల మొఖాల మీద మచ్చలు, గీతలు తీసేసుడే మా పని. చెయ్యి అలవాటుల పోయింది" అన్నాడు.

నమ్మలేదు. స్టూలు లాక్కుని అతని పక్కనే కూర్చుని మళ్లీ చేయించాను. ఈసారి పగులును చెయ్యంత లావు చేసి కిటికీ దాకా లాగాడు. ఉన్నంతే ఉంచమన్నాను. ఒక్క గీత ఎక్కువైనా అవతలివాడు దాన్నే పట్టుకుని వేలాడతాడు.

రాజీకి కూర్చున్న రోజు ఆ ఫ్లెక్సీని బల్ల మీద పరిచాను. పక్కింటాయన మొదట నవ్వాడు. తర్వాత ముందుకు వంగి చూశాడు. ఆయన ఊళ్లో చాలా ఇళ్లు కట్టించినవాడు. మూడో బొమ్మ దగ్గర మొహం మాడ్చుకుని దాని మీద వేలు పెట్టాడు.

"గిది తప్పు. మా పిల్లర్ల పనికి ఎవరి గోడా కదలదు. జేసీబీ గుంత తవ్విన నాడే పగిలింది గిది."

పెద్ద వకీలు రాస్తున్న కలం ఆగింది. "అంటే పాతది కాదన్నట్టే గదా?" అన్నాడు మెల్లగా.

పక్కింటాయన తన వకీలువైపు చూశాడు. ఆ వకీలు కిటికీవైపు చూశాడు. నేను ఇన్నాళ్లు తర్కించినా ఒప్పుకోనివాడు, తన పనిని బొమ్మలో తప్పుగా చూపించారని ఓర్చుకోలేకపోయాడు.

గోడ కట్టిస్తానని సంతకం పెట్టాడు. పని మొదలైంది. నేను కుర్చీ వేసుకుని అక్కడే కూర్చుంటున్నాను. నిన్న ఇటుకలు తడపకుండానే పేరుస్తుంటే పని ఆపించాను. పక్కింటాయన గేటు దగ్గరికొచ్చి, "సంతకం పెట్టినంక గూడ అనుమానమేనా అక్కా?" అన్నాడు.

ముందు ఇటుకలు తడిపించమన్నాను.