మృదంగాన్ని దాచిన డబ్బా

మా హాల్లో ఒక మూల పెద్ద డబ్బా ఉంది. మనిషి లోపల కూర్చుని తలుపు వేసుకోవచ్చు. సౌండ్ బూత్ అంటారు దాన్ని. పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు అందులో కూర్చుని రికార్డింగు చేసుకుంటారట. బయటి చప్పుడు లోపలికి పోదు, లోపలిది బయటికి రాదు. మా ఇంట్లో రికార్డింగు చేసుకునేవాళ్ళు ఎవరూ లేరు. మా అమ్మాయి మృదంగం పక్కింటివాళ్ళ చెవిన పడకూడదని కట్టించాం. ఈ మాట రాస్తుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

మా అమ్మాయి పీయూసీ, అంటే ఇంటర్, చదువుతోంది. మృదంగం చిన్నప్పటి నుంచీ నేర్చుకుంటోంది. కాలేజీ నుంచి రాగానే వరండాలో చాప పరుచుకుని సాధన చేసేది. మా అత్తగారి ఊరు చోరనూరులో అయితే ఎంత వాయించినా అడిగే నాథుడు లేడు. ఇది బళ్ళారిలో గాంధీనగర్. ఇక్కడ గోడకు గోడ.

ఒక సాయంత్రం పక్కింటావిడ ఆ గోడ దగ్గరికే వచ్చింది. ఆమె కొడుకు నీట్‌కు చదువుతున్నాడు.

"అక్కా, తప్పనుకోవద్దు. మీ పాప డబడబా వాయిస్తాంటే మావోనికి సదువు యాడెక్కుతాది? ఆడపిల్లకు వీణంటే సరే, ఈ గలాటా ఏంది? స్వల్ప అడ్జస్ట్ చేసుకోండి."

గలాటా! తెల్లారకముందే వాళ్ళ టిప్పర్లను మా కిటికీ కిందే స్టార్టు చేసి గుర్రుగుర్రుమనిపిస్తారు. అది గలాటా కాదట, వ్యాపారమట. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. ఆ మాట మొహం మీదే అనేసేదాన్ని. మా ఆయన మోచేత్తో పొడిచాడు. ఆయన లారీలకు లోడ్లు ఇప్పించేది ఆమె మొగుడే మరి.

"ఇరుగుపొరుగుతో జగడమేల? బెంగుళూరోల్లు ఏదో డబ్బా చేస్తారంట. దాంట్లో కూర్చోని ఎంత వాయించినా బయటికి రాదంట" అన్నాడు. నోరు మూసుకోమని ఆమెకు చెప్పలేక కూతురి చేతులు మూయడానికి సిద్ధపడ్డాడు.

బెంగుళూరు నుంచి పనివాళ్ళు వచ్చారు. రెండు పొరల చెక్క గోడలు, మధ్యలో దూది లాంటి దిమ్మెలు, లోపలంతా నల్ల స్పాంజి, తలుపు చుట్టూ రబ్బరు. పని అయిన రోజు పక్కింటావిడ స్వయంగా పరీక్ష చేయడానికి వచ్చింది. మా అమ్మాయిని లోపలికి పంపి వాయించమని, డబ్బా గోడకు చెవి ఆనించింది.

"ఏమీ ఇనపడల్యాక్కా! చెన్నాగుండాది" అని కాఫీ తాగి వెళ్ళింది. ఆ కాఫీలో గుప్పెడు ఉప్పు వేయనందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

బళ్ళారి ఎండలు ఆ బెంగుళూరు వాళ్ళకేం తెలుసు? లోపల బుల్లి ఫ్యాను ఒకటి పెట్టారు. కరెంటు పోయిందంటే అది ఇడ్లీ పాత్రే. నాదం బరువుగా పలకాలని మృదంగం ఎడమ వైపు పూసే తడి రవ్వ ముద్ద కాసేపటికే ఎండి ఊడిపోయేది. శ్రుతి ఎక్కిపోయేది. పిల్ల చెమటతో తడిసి ముద్దయి బయటికి వచ్చేది. అన్నిటికన్నా నన్ను కోసేసింది మాత్రం దాని మాట.

"అమ్మా, దెబ్బ ఏసినాక నాదం ఆడికాడే సచ్చిపోతాండాది. నేను వాయిస్తాండానో లేదో నాకే తెలియడంల్యా."

సాధన రోజురోజుకూ కాస్త కాస్త తగ్గింది. ఒకరోజు మృదంగాన్ని సంచీలో పెట్టి మంచం కిందికి తోసేసింది. "చాల్లేమ్మా, ఈసారి మృదంగం పరీక్ష కట్టను" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

ఆ రోజు మా ఆయనతో గట్టిగా పోట్లాడాను. బయట వాయించుకోనివ్వమన్నాను.

"పక్కింటోల్లకు మాటిచ్చినాం గదా. డబ్బా తెప్పిస్తి గదా, ఇంకేం కావల్ల?" అన్నాడు.

వానలు మొదలయ్యాక పక్కింటివాళ్ళు మేడ మీద ఇల్లు లేపారు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా బండలు కోసే మిషను. పళ్ళు జివ్వుమనేవి. పప్పులో, పెరుగులో బండల దుమ్మే. గోడ దగ్గరికి పోయి అడ్జస్ట్ చేసుకోమని నేను ఎవరినీ అడగలేదు.

ఆవిడే వచ్చింది. వెనక పుస్తకాల సంచీతో కొడుకు.

"అక్కా, మా మిషను గలాటాకు మావోడు సదవలేకపోతాండాడు. మీ డబ్బా ఊరికే పడుండాది గదా. పనయ్యేదాకా మావోన్ని దాంట్లో కూర్చోనియ్యండి."

అరికాలి మంట నెత్తికెక్కింది. తిట్టడానికి నోరు తెరిచాను. అంతలో మా అమ్మాయి గదిలోంచి వచ్చింది.

"రానీమ్మా. తలుపు గట్టిగా ఏసుకోమను."

కన్నకూతురే అయినా ఆ క్షణంలో దాని మీద కూడా కోపం వచ్చింది. పిల్లవాడు డబ్బాలోకి పోయి తలుపు వేసుకున్నాడు. తల్లి నిమ్మళంగా ఇంటికి పోయింది. మా అమ్మాయి గదిలోకి వెళ్ళి మంచం కింది నుంచి సంచీ లాగింది. దుమ్ము దులిపింది. వంటింట్లో గుప్పెడు రవ్వ తడిపి, వరండాలో చాప పరిచింది.

మిషను ఆగి, పనివాళ్ళు చేతులు కడుక్కుంటున్న వేళకు మొదలుపెట్టింది. ఎన్ని నెలలకు విన్నానో ఆ నాదం!

పక్కింటావిడ గోడ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "అక్కా! ఇదేంది? మావోడు సదువుకుంటాండాడు!"

"సదువుకోనీ తల్లీ. వానికేమీ ఇనపడదు. గోడకు చెవి ఆనించి సూసింది నువ్వే గదా" అన్నాను.

ఆమె నన్ను వదిలేసి, గోడ అవతలి నుంచే కొడుకును పేరు పెట్టి కేకేసింది. ఇంకా గట్టిగా కేకేసింది. వాడు పలకలేదు. మా అమ్మాయి ఎడమ వైపు రవ్వ సరిచేసుకుని, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.