పందుల తలారి

ఏ ఇంటి గడప తొక్కబోయినా ఆల్ఫియస్ టార్బెల్ బూట్లు మూడుసార్లు తుడుచుకునేవాడు. సొంత ఇంటికీ అంతే. రెండుసార్లు అమెరికా కాంగ్రెసుకు గెలిచి, పదకొండేళ్లు లిస్బన్‌లో రాయబారిగా ఉండి వెర్మాంట్ కొండల్లోని తన ఊరికి తిరిగి వచ్చిన మనిషి. అరవై మూడో ఏట, 1874 జనవరిలో, లొవీనా అనే వితంతువును పెళ్లాడాడు.

"మీ ఇల్లేనండీ ఇది. చుట్టంలా నిలబడతారేం?" అనేది లొవీనా.

ఫిబ్రవరిలో వాషింగ్టన్ నుంచి ఉత్తరం వచ్చింది. ఈసారి రాయబారిగా కోపెన్‌హేగన్ వెళ్తారా అని.

"ఊరి సభ అయ్యాక జవాబు రాస్తాను" అన్నాడాయన.

సముద్రం దాటడం తనవల్ల కాదని ఆమె పెళ్లికి ముందే చెప్పింది. మళ్లీ చెప్పలేదు.

ఏటా ఊరి పనులు పంచే ఆ సభ మార్చి మొదటి మంగళవారం జరిగింది. ఓటు లేని ఆడవాళ్లు మధ్యాహ్నానికి ఉడికించిన చిక్కుడు గింజలు తెచ్చి వెనక బల్లల మీద కూర్చున్నారు. రోడ్ల సంగతి, బడి సంగతి తేలాక ఆరిన్ పీస్లీ లేచాడు. బడిలో అతనూ ఆల్ఫియస్సూ ఒకే బెంచీ.

"ఊరి మీద పడే పందుల్ని పట్టే తలారి పని ఉంది. కొత్త పెళ్లికొడుక్కే కదా ఇస్తాం. ఈ ఏడు ఉన్నది ఒక్కడే. ఆల్ఫియస్ టార్బెల్!"

సభ గొల్లుమంది.

"రాజుల్ని చూసొచ్చిన దొరగారు పందుల్ని చూడలేరా?" అన్నారెవరో. చేతులన్నీ లేచాయి.

లొవీనా నవ్వలేదు. ఆయన మనసు నొచ్చుకుంటే రేపే పెట్టె సర్దుతాడు.

ఆయన నెమ్మదిగా లేచాడు. "నేల తవ్వకుండా ముక్కుకు వేసే రింగు లేకుండా ఊరి మీద తిరిగే పందిని కట్టెయ్యొచ్చా?"

"కట్టెయ్యొచ్చు" అన్నాడు ఆరిన్.

"ఎవరిదైనా?"

"ఎవడిదైనా."

"అయితే ఆరిన్, నీ ఆడపంది మొన్న మా పెరట్లోకొచ్చింది. ముక్కు బోసిగా ఉంది."

"ఒరేయ్, మొట్టమొదట నా కొంప మీదికేనా!" అని అరిచాడు ఆరిన్.

ఊరికి తిరిగి వచ్చాక అప్పటిదాకా ఆయన్ని ఒరేయ్ అన్నవాళ్లు లేరు. ఆయన కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాడు. ఒక్క మాటా మింగలేదు.  వెనక బల్ల మీద లొవీనా అప్పుడు నవ్వింది.

మర్నాడు కాఫీ తాగకముందే ఆయన వాషింగ్టన్‌కు రెండు వాక్యాలు రాశాడు. మా ఊళ్లో నాకు పదవి ఇచ్చారు. రాలేను. లొవీనా చదివి కవరు అంటించింది. ఆయన తాడు, రింగు బిగించే పట్టకారు తీసుకుని, కరుగుతున్న మంచు బురదలో ఆరిన్ దొడ్డికి వెళ్లాడు. పదింటి దాకా పంది చేతికి చిక్కలేదు.