పొట్ట కడిగే చాయ్

ఎనిమిది కిలోలు తగ్గితేనే తమ్ముడికి పెట్టడానికి నా కిడ్నీ తీసుకుంటామని డాక్టరు చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. రక్తం కలిసింది, మిగతా పరీక్షలన్నీ కుదిరాయి, నా కొవ్వు ఒక్కటే అడ్డం నిలబడింది. పక్కన కూర్చున్న తమ్ముడు నవ్వలేదు. అప్పటికి ఏడాదిన్నరగా వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు పోతున్నాడు. వాణ్ని బయటికి పంపి, ఎక్కువ కాలం ఆగే పరిస్థితి లేదని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. మూడు నెలల్లో తగ్గి రమ్మన్నాడు.

ఆబిడ్స్‌లో ఒక చీరల దుకాణంలో పదిహేనేళ్లుగా నా పని పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించడం. మళ్లీ మడతపెట్టేదీ కూర్చునే. ఇక కొవ్వు కరగమంటే ఎట్లా కరుగుతుంది? నాంపల్లిలోని మా కిరాయి ఇంటి నుంచి దుకాణం దాకా నడిచాను. రాత్రి అన్నం మానేశాను. సోమవారం, శనివారం ఒక్కపొద్దులున్నాను. నెల తిరిగేసరికి తగ్గింది ఒకటిన్నర కిలో. ఆ రోజు దవాఖానలో కాటా మీద నిలబడే ఏడ్చాను. నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకపోయింది.

మా సందు చివర మూలికల దుకాణం ఉంది. అక్కడి పెద్దాయన ఒక డబ్బా చేతిలో పెట్టి, పొట్ట సాఫ్ అవుతుంది, ఒళ్లు దానంతటదే దిగుతుంది, ఫికర్ చేయొద్దన్నాడు. లోపల చిన్న చిన్న పొట్లాల్లో విరేచనాలకు వాడే సునాముఖి ఆకు, ఇంకేవో ఎండు పూలు. డాక్టరును అడిగావా అని తమ్ముడు అంటే కసిరాను. ఆకులు తాగడానికి కూడా డాక్టరు చీటీ కావాలా అన్నాను. డబ్బా వెనక చీమల్లాంటి అక్షరాలు ఏవో ఉన్నాయి. చదవలేదు.

ఆ చాయ్ తానే కాస్తానన్నాడు వాడు. చాయ్ అంటే ప్రాణం వాడికి. కిడ్నీలు నీళ్లను బయటికి పంపవు కాబట్టి ఇప్పుడు రోజంతటికీ కలిపి వాడికి కొలిచిన ఒక చిన్న సీసా నీళ్లే, మందులు మింగడానికైనా దాంట్లోంచే. మా ఇంట్లో మరగనిది చాయే కాదు, ఉత్త రంగునీళ్లు. అందుకని పొద్దున్నే రెండు పొట్లాలు గిన్నెలో వేసి, స్టవ్ సన్నగా పెట్టి, నీళ్లు సగమయ్యేదాకా అరగంట మరిగించేవాడు. గ్లాసు నాకిచ్చి, చివరి గుక్క దిగేదాకా ఎదురుగా కూర్చునేవాడు.

వారంలోనే రెండు కిలోలు పోయాయి. సగం విప్పిన చీర కొనేవాళ్ల ముందే వదిలేసి పై అంతస్తులోని బాత్రూముకు పరుగెత్తేదాన్ని. సేటు సణిగాడు. సణగనీ అనుకున్నాను. పిక్కలు పట్టేసేవి, మెట్లెక్కితే కళ్లు చీకట్లు కమ్మేవి. అదంతా కొవ్వు పోతున్న గుర్తనుకుని లోపల సంబరపడ్డాను. పైగా వాడి ముందు గ్లాసెడు నీళ్లు తాగడానికి నాకు మనసొప్పేది కాదు. నేనూ తగ్గించేశాను.

గడువు నాటికి ఎనిమిది కాదు, తొమ్మిది కిలోలు తగ్గాను. కాటా చూసి డాక్టరు మెచ్చుకున్నాడు. రక్తపరీక్ష కాగితాన్ని మాత్రం మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఏం తీసుకుంటున్నావని అడిగితే సంచిలోంచి డబ్బా తీసి గర్వంగానే ఇచ్చాను. ఆయన ఆ చీమల అక్షరాలు చదివాడు. ఒక్క పొట్లం, వేడినీళ్లలో మూడు నిమిషాలు ముంచి తీసేయాలట. వారం దాటి వాడకూడదట. మేం రెండేసి మరిగించామని, నలభై రోజులు తాగానని చెప్పాను.

"ఒంట్లో నీళ్లన్నీ పోయి మీ కిడ్నీలకే దెబ్బ తగిలిందమ్మా. ఇప్పుడైతే ఇవి ఎవ్వరికీ ఇచ్చేటివి కావు."

కోలుకుంటాయేమో కొన్ని నెలలు ఆగి చూద్దామన్నాడు. ఆ నెలలు తమ్ముడికి ఉన్నాయా అని అడిగితే కాగితాలు సర్దుకున్నాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఊడింది నాదైతే ఇంత ఏడ్చేదాన్ని కాదు.

ఇంటికొచ్చి వాడికి అబద్ధం చెప్పాను. ఇంకో రెండు కిలోలు తగ్గాలన్నారు, తేదీ జరిపారు అన్నాను. నువ్వు కాచిన చాయే అని ఏ నోటితో చెప్పను?

మర్నాడు పొద్దున సునాముఖి వాసనకే మెలకువ వచ్చింది. ఇంకో రెండు కిలోల కోసమని మూడు పొట్లాలు వేశాడట. గ్లాసు తీసుకుని, వాడు అటు తిరిగాడు కదా అని వాడిన నీళ్లు పోయే మోరీలో పోశాను. వెనక్కి చూస్తే గడపలో నిలబడి ఉన్నాడు. నిండు గ్లాసు నేలపాలవడం చూశాడు.

"అక్కా, నేను మరిగిచ్చుడే ఎక్కువైందా?"

కాదురా అనాలి. మోరీ గట్టు మీద పడ్డ చాయ్ చుక్కల్ని కాలితో తుడిచాను. వాడు దగ్గరికొచ్చి నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుని, కుండలోంచి మంచినీళ్లు ముంచి, తాగమని నా ముందు పెట్టాడు.