సంజీవ వెనక్కి తీసుకున్న సాక్ష్యం

పెద్దవంగర చుట్టుపక్కల మైకుసెట్టు సంజీవను ఎరగనివాడు ఉన్నాడంటే వాడు నిన్ననే బస్సు దిగినవాడై ఉండాలి. పెళ్లికీ, చావుకీ, సర్పంచి గెలుపుకీ, చర్చి కూటాలకీ ఆయన డబ్బాలే మోగాలి. చదువు పదో తరగతి గడప దాటలేదు గానీ కోతలు కోయడంలో మాత్రం పట్టా పుచ్చుకున్న మనిషి.

"కాళేశ్వరంల నా బాక్సు పెట్టి ఆన్ చేస్తే గోదారి వెనుకకు జరిగింది తెలుసా?" అనేవాడు. ఎవడైనా నవ్వితే ఊరుకునేవాడు కాదు. "నవ్వుతున్నవా? రెండు మెట్లు జరిగింది. కావాలంటే పోయి కొలుసుకో పో!"

తల్లీతండ్రీ పోయాక ఇంట్లో మిగిలింది ఆయనా, చెల్లెలు కళ్యాణీ. కళ్యాణి జాకెట్లు కుడుతుంది. ఆరేళ్ల కిందట ఆమెకు మనసు జబ్బు చేసింది. ఎవరూ లేనిచోట మాటలు వినిపించేవి. కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. రెండేళ్ల కిందట నడిచి నడిచి, ఏదో బస్సెక్కి మాయమైపోయింది. మూడోనాడు భూపాలపల్లి బస్టాండులో, కాళ్లకు చెప్పులు లేకుండా దొరికింది. అప్పటినుంచి మానుకోట దవాఖానలో డాక్టరమ్మ రాసిన గోళీలు రోజూ మింగుతోంది. చర్చి సంఘమంతా ఆమె కోసం ప్రార్థన చేస్తోంది. గోళీలకు ఏడాది పట్టింది, ప్రార్థనలకూ ఏడాది పట్టింది. మెల్లగా ఆమె మళ్లీ మిషను ముందు కూర్చుంది.

అంత మెల్లగా జరిగిన పనిని సంజీవ మెల్లగా చెప్పగలడా?

మొన్న సువార్త కూటాల రెండోరోజు, వాక్యం చెప్పడానికి వచ్చిన దైవజనుడు, "దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. ఎవరూ లేవలేదు. ఆన్ చేసిన మైకు ఉత్తగా ఉంటే సంజీవకు అరికాళ్లలో మంట పుడుతుంది. వైరు వదిలి తానే అందుకున్నాడు.

"మా చెల్లెకు ఒక్క ప్రార్థన! మూడు నిమిషాలు గూడ గాలే. జబ్బు కాలికి బుద్ధి చెప్పింది. గోళీలన్నీ వాగుల పారేసినం. ఇప్పుడు దినానికి ముప్పై జాకెట్లు కుడుతంది!"

హల్లెలూయలతో టెంటు లేచిపోయింది. స్తంభానికి కట్టిన డబ్బా కళ్యాణి ఉన్న ఇంటివైపే తిరిగి ఉంది.

పన్నెండు రోజులు గడిచాయి. మొదట ఆమె కుట్టిన కుట్టు విప్పి మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. తరువాత మిషను వదిలేసింది. గేటు నుంచి గోడకు, గోడ నుంచి గేటుకు నడక. సంజీవ పనికి పోలేక, ఇంట్లో నిలవలేక, టీ చేసుకుని తాగడం మరిచి, బండి తాళం జేబులో పెట్టుకుని దానికోసమే ఇల్లంతా వెతికాడు. ఆ వెతుకులాటలో మిషను సొరుగు లాగితే గోళీల అట్టలు కనిపించాయి. ఒక్కటీ చింపలేదు.

"ఏందే చెల్లే గిది? గోళీలు మింగుతలేవా?"

"నువ్వే చెప్పినవ్ గదనే మైకుల, పారేసినమని." కళ్యాణి నడక ఆపలేదు. "నేను మింగితే నువ్వు దేవుని ముంగట అబద్ధం ఆడినట్టయితది. నీ మాట పోవద్దని బంద్ చేసిన."

"అరే, గది జర ఊపుల అచ్చింది..."

"ఊపుల అచ్చిందో ఏమో, ఊరంత ఇన్నది. కాదని గదే మైకుల చెప్పు. అప్పుడు మింగుత."

సంజీవ బతిమాలాడు. గోళీని అరటిపండులో పెట్టిచ్చాడు. ఆమె పండు తిని గోళీని అన్న చేతిలో పెట్టింది. చివరికి పాస్టరు ఆగయ్య దగ్గరికి పరిగెత్తాడు. ఆయన గట్టిగా ఒక ప్రార్థన చేస్తే ఆమె మనసు మారుతుందనీ, తన పరువు నిలుస్తుందనీ లోపల ఆశ.

డెబ్బై ఏళ్ల ఆగయ్య వచ్చాడు. కూర్చోమని కళ్యాణికి చెప్పలేదు. చెప్పులు విడిచి ఆమె పక్కన తానూ నడిచాడు. గేటు దాకా, గోడ దాకా. "ప్రభువా, ఈ బిడ్డ కాళ్లు నొస్తున్నయి. లోపల కూడ నొస్తంది. జర తోడుండు" అంటూ ఆమె అడుగులో అడుగు వేస్తూనే ప్రార్థించాడు. ఇరవై చుట్లు తిరిగాక ఆయనకు ఆయాసం వచ్చింది. కళ్యాణే ఆయన మోచేయి పట్టుకుంది.

సంజీవ ఆశగా ముందుకు వంగాడు. "అయ్యగారూ, మింగుతనన్నదా?"

"నా పని నేను చేసిన. నీ పని దేవుని నెత్తిన పెట్టకు, బిడ్డా. ప్రార్థన చేస్తే గోళీలు పారెయ్యమని నేనెప్పుడన్న చెప్పిన్నా?"

"ఊరంత నవ్వుతది అయ్యగారూ. నన్ను మైకు కాడికి రానియ్యరు."

"నవ్వనియ్యి. ఆ పిల్ల మళ్ల బస్సెక్కితే ఏడుసుడు నువ్వొక్కనివే."

ఆ మాటతో సంజీవకు భూపాలపల్లి బస్టాండు, చెప్పుల్లేని ఆ కాళ్లు గుర్తొచ్చాయి. డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. గోళీలు వెంటనే మొదలుపెట్టమని, బుధవారం తీసుకురమ్మని ఆమె చెప్పింది.

ఆదివారం ఆరాధనలో సంజీవ మైకు పట్టుకున్నాడు. మెల్లగా సౌండు తగ్గించాడు.

"మొన్న కూటాలల్ల నేను చెప్పింది..."

"ఇనస్తలేదన్నా! సౌండు పెంచు!" తలుపు దగ్గర అటూ ఇటూ తిరుగుతున్న కళ్యాణి కేక వేసింది.

పెంచక తప్పలేదు. "అబద్ధం చెప్పిన. మూడు నిమిషాలల్ల ఏం తగ్గలే. ఏడాది పట్టింది. గోళీలు పారెయ్యలే. మీ ప్రార్థన ఉండె, డాక్టరమ్మ మందులుండె. నా మాట పట్టుకొని చెల్లె మందు బంద్ చేసింది. తప్పు నాది."

"మరి గోదారి రెండు మెట్లు జరిగిందా, లేదా సంజీవా?" వెనకనుంచి ఎవరో అన్నారు. చర్చంతా నవ్వింది. సంజీవ తల దించుకుని నిలబడ్డాడు, మైకు మాత్రం వదల్లేదు. ఆగయ్య భార్య చెంబుతో నీళ్లు తెచ్చింది. కళ్యాణి గోళీ మింగి, నాలుక చాపి అన్నకు చూపించి, మళ్లీ నడక అందుకుంది.

అందరూ పోయాక సంజీవ వైరు చుడుతుంటే గట్టమ్మ అనే ముసలామె దగ్గరికి వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బిడ్డా, మా పెద్దోడు గూడ గిట్లనే... ఎవ్వలకు చెప్పలే. ఆ డాక్టరమ్మ ఎప్పుడు కూసుంటది?"

"బుధవారం పోతున్నం అవ్వా. ఆయనను గూడ తోల్కరా, కలిసి పోదాం."

"ఎన్నొద్దులల్ల తగ్గుతది?"

'మూడు రోజులు' అనే మాట సంజీవ నాలుక చివరికి వచ్చేసింది. బయట కళ్యాణి చెప్పుల చప్పుడు గోడ దాకా పోయి తిరిగి వస్తోంది.

"ఏమో అవ్వా," అన్నాడు. "మాకింక తగ్గలే."