నల్ల అక్రోటు పసరు

అక్రోటు కాయ ఎత్తైన చెట్టు మీంచి కారు మీద పడితే ఎవరో రాయి విసిరినట్టు మోగుతుంది. ఆ శనివారం మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండున్నర దాకా అలాంటి మోతలు పద్నాలుగు విన్నాను. కొన్ని కేబిన్ రేకుల మీద, కొన్ని కారు మీద.

అది ఉత్తర కరోలినా పడమటి కొండల్లోని వర్షారణ్యం. షార్లెట్‌లో మా అమ్మాయి ఇంటి నుంచి మూడు గంటల పది నిమిషాల ప్రయాణం. అక్కడ చెట్లకు మొదలు నుంచి కొమ్మల చివరిదాకా నాచే. అక్టోబరులో ఊళ్లవాళ్లు అడవిలో రాలిన నల్ల అక్రోట్లను గోతాల్లో ఏరుకుని, మాకు కేబిన్ అద్దెకిచ్చిన ముసలాయన షెడ్డుకు తెస్తారు. అక్కడ తొక్క తీసే యంత్రం ఉంది. అది కాయల్ని నమిలి నల్లటి పిప్పిని పక్కకు ఉమ్మేస్తుంది. పిప్పిలో తెల్ల పురుగులు మెలికలు తిరుగుతుంటాయి.

ముసలాయన మాకు రెండే జాగ్రత్తలు చెప్పాడు. పచ్చి తొక్క ముట్టుకునేటప్పుడు గ్లవ్స్ వేసుకోవాలి. పసరు అంటితే పాత చర్మం పోయి కొత్తది వచ్చేదాకా, అంటే రెండు మూడు వారాలు, మరక వదలదు. కారు చెట్టు కింద పెట్టకూడదు.

"కారు అటు తీసి పార్క్ చెయ్యి, డెంట్స్ పడతాయంట," అంది మా అమ్మాయి.

"వానలో అంత దూరం లగేజ్ ఎవడు మోస్తాడు, మీ నాన్నా?" అన్నాడు అల్లుడు. నా వైపు తిరిగి నవ్వాడు. "జోక్ అత్తయ్యా."

మా ఆయన పోయి అప్పటికి ఆరేళ్ల నాలుగు నెలలు.

వాన తగ్గాక ముగ్గురం కలిసి మూడు వందల పన్నెండు కాయలు ఏరాం. మేమిద్దరం గ్లవ్స్ వేసుకున్నాం. అతను వేసుకోలేదు. కాయల్ని బూటు మడమతో చితకదొక్కి, పగిలిన తొక్కను వేళ్లతో ఊడబెరికాడు. పసరు మణికట్టు దాకా కారింది. "చూడండి అత్తయ్యా, అమెరికా గోరింటాకు," అన్నాడు.

రెండు నలభైకి కారు దగ్గరికి వెళ్లి బానెట్ మీది సొట్టలు చూశాడు. అరవలేదు. "ఇలా రా," అన్నాడు. అమ్మాయి వెళ్లింది. వెనక నుంచి మెడ పట్టుకుని ఆమె ముఖాన్ని బానెట్‌కేసి కొట్టాడు.

"లెక్కపెట్టు."

"ఒకటి."

"గట్టిగా. మీ అమ్మకి వినపడాలి. ఆవిడకి లెక్కలంటే ఇష్టం కదా."

"రెండు."

"కారు తియ్యమని గట్టిగా చెప్పలేవా? నోరు పడిపోయిందా?"

అంకె అంకెకీ తల పైకి లాగి మళ్లీ కొట్టాడు. సొట్టలు ఏడు. ఏడు అనేసరికి పై పెదవి చిట్లి పళ్లన్నీ ఎర్రబడ్డాయి. నేను ఎనిమిది అడుగుల దూరంలో బకెట్ పట్టుకుని నిలబడ్డాను. బకెట్‌లో సుత్తి ఉంది. "వద్దు బాబూ," అన్నాను. రెండుసార్లు అన్నాను. అంతకుమించి ఏమీ చేయలేదు.

తర్వాత అతను చేతులు కడుక్కుని కాఫీ అడిగాడు. కలిపి ఇచ్చాను.

ఆదివారం షార్లెట్ చేరాం. అప్పటికి ఆమె మెడ మీద ఆకుపచ్చ కలిసిన పసుపు పసరు చారలే ఉన్నాయి. సోమవారం ఉదయం ఏడింటికి చూస్తే నల్లబడ్డాయి. కుడి పక్క నాలుగు వేళ్లు, ఎడమ పక్క బొటనవేలు. ఉంగరం ఉన్నచోట సన్నని తెల్ల గీత. నిమ్మచెక్క, వంటసోడా, సున్నిపిండి, మూడింటితో రుద్దాను. చర్మం లేచి రక్తం వచ్చింది గాని రంగు కదల్లేదు.

అమ్మాయి అద్దంలో చూసుకుంది. "బాగా పండింది కదమ్మా," అంది.

అతను ఆఫీస్‌కి వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "ఈ రెండు వారాలు వర్క్ ఫ్రమ్ హోం చెయ్యి. వీడియో ఆన్ చెయ్యకు. నీ వీసా నా జాబ్ మీద ఉంది, మర్చిపోకు." అతని చేతులూ అంతే నల్లగా ఉన్నాయి.

నేను అమెరికా వచ్చి అయిదు నెలల రెండు వారాలు. తిరుగు ప్రయాణానికి ఇంకా పదహారు రోజులుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో అతనూ ఆమే మిగులుతారు. నా డైరీ తెచ్చి ఆమె ముందు పెట్టాను. జూన్ రెండో మంగళవారం: మోచేతి కింద కమిలింది, తలుపు తగిలిందని చెప్పింది. జులై మొదటి ఆదివారం: చెవి వెనక వాపు, జారిపడ్డానంది. అలాంటివి పదకొండు. ఒక్కొక్కటే చదివింది.

"అన్నీ తెలుసా నీకు? తెలిసి, రాసుకుని, ఊరుకున్నావా?"

డైరీ నా మీదికి విసిరింది. అట్ట అంచు దవడకు తగిలి గీరుకుంది.

"నువ్వే చెప్తావని చూశాను," అన్నాను.

"నువ్వు అడుగుతావని నేను చూశాను."

డైరీ నేల మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. తర్వాత ఆమె లేచి జుట్టంతా పైకి మడిచి క్లిప్ పెట్టుకుంది. సోఫా మీదున్న స్కార్ఫ్ తీసిచ్చాను. తీసుకోలేదు.

"చెప్పులేసుకోమ్మా. ఆ డైరీ కూడా తీసుకో."

పోలీస్ స్టేషన్‌కి పన్నెండు నిమిషాల్లో డ్రైవ్ చేసింది. అక్కడ ఒక ఆఫీసరమ్మ మమ్మల్ని చిన్న గదిలో కూర్చోబెట్టి, ఇది ఎవరు చేశారని అడిగింది. అమ్మాయి నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. పెదవి మీద పెచ్చు పగిలి రక్తం ఊరింది. ఆఫీసరమ్మ ఇంకోసారి అడిగింది. నాకు ఆ ఇంగ్లీషు అర్థమైంది, జవాబూ వచ్చు. పళ్లు బిగపట్టి ఊరుకున్నాను. ఆ మాట ఆమె నోట రావాలి.

"మై హస్బెండ్," అంది అమ్మాయి.

ఆఫీసరమ్మ కెమెరా తీసింది. ఒక్కో వేలి గుర్తు పక్కన చిన్న స్కేలు ఆనించి ఫోటోలు తీసింది. మెడ మీద పడుతున్న వెంట్రుకల్ని పైకి పట్టుకోమని నాకు చెప్పింది. ఇరవై మూడు ఫోటోలు.

అతను ఇంటికి ఎన్నింటికి వస్తాడని అడిగింది ఆఫీసరమ్మ.

"అయిదు ఇరవైకి," అన్నాను.

అప్పుడు పదకొండు నలభై. అమ్మాయి కారు తాళాలు నన్ను పట్టుకోమని ఇచ్చి, అతను వచ్చేలోపు ఇంట్లోంచి ఏమేం సర్దుకోవాలో వేళ్ల మీద చెప్పడం మొదలుపెట్టింది.